ఆ చిత్రం పన్నెండేళ్లు ఎందుకు కనబడలేదు?

సంపాదకులకు నమస్కారం.

సైన్స్ ఫిక్షన్ నవలలను టెలివిజన్ కోసం తీయడం గురించి మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసం చదివాను. గొప్ప నవలను కొద్దిపాటి డబ్బుతో తీయబోతే నవ్వులపాలు కావడం తప్ప ఒరిగేదేమీ ఉండదని వ్యాసకర్త తేల్చేశారు. అందుకు సాక్ష్యంగా చూపిన వాటిలో అర్సులా లె గ్విన్ నవల ఆధారంగా 1980లో అమెరికన్ పబ్లిక్ టెలివిజన్ ప్రసారం చేసిన 'ది లేత్ ఆఫ్ హెవెన్' ఒకటి. అట్టముక్కల సెట్టింగులంటూ ఒకే ఒక్క వాక్యంతో దాన్ని పక్కకు నెట్టేశారు. డబ్బు లేకపోవడం వల్ల ఆ చిత్రానికి నష్టం జరిగిన మాట వాస్తవమే గాని, ఆ నష్టం జరిగిన చోటు వేరు. తెర మీద ఆ చిత్రం తన పేదరికాన్ని చాలావరకు జయించింది. ప్రసారం అయిపోయిన తరవాత, విమర్శకులెవరూ తొంగిచూడని హక్కుల కాగితాల దగ్గర, టేపులు దాచే అరల దగ్గర, అదే పేదరికం చేతిలో ఓడిపోయింది. వ్యాసకర్తతో నా పేచీ ఇంతే. అయితే దాన్ని వివరించడానికి కొంచెం చోటు కావాలి.

1971లో వెలువడిన ఆ నవలలో జార్జ్ ఆర్ అనే సాదాసీదా మనిషికి ఒక విచిత్రమైన బాధ ఉంటుంది. అతనికి వచ్చే కలల్లో కొన్ని నిజమవుతాయి. రేపు జరగబోయేది ముందే కనిపించే రకం కాదు అవి. అతను నిద్ర లేచేసరికి లోకమే ఆ కలకు తగ్గట్టు మారిపోయి, మొదటినుంచీ అలాగే ఉన్నట్టు నడుస్తూ ఉంటుంది. అంతకుముందున్న లోకం గుర్తుండేది అతనికీ, ఆ మార్పు జరిగే క్షణాన అతని పక్కన ఉన్నవారికీ మాత్రమే. నిద్రంటే భయపడి, కలలు రాకుండా ఉండేందుకు మందులు మింగి, చివరికి అతను డాక్టర్ హేబర్ అనే కలల నిపుణుడి దగ్గరికి చేరతాడు. హేబర్ దుర్మార్గుడు కాడు. లోకానికి మేలు చేయాలన్న తహతహ ఉన్నవాడు, ఆ మేలేమిటో తనకు తెలుసన్న ధీమా అంతకు రెట్టింపు ఉన్నవాడు. రోగిని నిద్రపుచ్చి ఏ కల కనాలో తానే చెప్పడం మొదలుపెడతాడు. జనం కిక్కిరిసిపోవడం తగ్గాలంటే, ఎప్పుడో ఒక మహమ్మారి వచ్చి దాదాపు 600 కోట్ల మందిని పొట్టన పెట్టుకుపోయి ఉంటుంది. మనుషులు తమలో తాము కొట్టుకోవడం మానాలంటే, చంద్రుడి మీద గ్రహాంతరవాసులు తిష్ఠ వేసి ఉంటారు. వర్ణభేదం పోవాలంటే, భూమ్మీద అందరి ఒళ్లూ బూడిద రంగులోకి మారి ఉంటాయి.

ఈ కథను డబ్బున్న సంస్థ తీస్తే మహమ్మారిలో కూలిపోయే నగరాలనూ అంతరిక్ష యుద్ధాన్నీ చూపించాలన్న మోజులో పడిపోవడం ఖాయం. కాని నవల పని చేసే తీరు అది కాదు. హేబర్ మొదటిసారి పరీక్షించినప్పుడు మారేది అతని గదిలో గోడమీది చిత్రం. మంచుకొండ ఉండాల్సిన చోట గుర్రం ఉంటుంది. అంతే. ఆ ఒక్క మార్పుతోనే పాఠకుడి కాళ్ల కింద నేల కదులుతుంది. ఎందుకంటే అక్కడ ఉండేది మంచుకొండేనని ఆర్ అంటాడు, హేబర్ మాత్రం ఆ గుర్రం మొదటినుంచీ ఉన్నదేనని అంటాడు. ఒక గది, ఒక పడక, ఇద్దరు మనుషులు, కిటికీ అవతల మారిపోతూ ఉండే లోకం: నవల నడిచేది చాలావరకు ఈ పరికరాలతోనే. ఇంత పొదుపైన నిర్మాణమున్న నవలను చూసి, దీనికి డబ్బు చాలదని అనడం నవలను సరిగా చదవకపోవడమే అవుతుంది.

న్యూయార్క్‌లోని డబ్ల్యూ.ఎన్.ఇ.టి. అనే పబ్లిక్ టెలివిజన్ కేంద్రానికి ప్రయోగాలు చేసే ఒక విభాగం ఉండేది. ఆ విభాగం తరఫున డేవిడ్ లాక్స్‌టన్, ఫ్రెడ్ బార్జిక్ అనే ఇద్దరు ఈ చిత్రాన్ని తీశారు. ఖర్చు సుమారు 2,50,000 డాలర్లు. ఆనాటి హాలీవుడ్ లెక్కల్లో అది ఒక మోస్తరు చిత్రంలో ఒక ఘట్టానికి కూడా చాలీచాలని మొత్తం. నటుల ఎంపికలోనూ, చిత్రానువాదం తిరగరాయడంలోనూ, చిత్రీకరణలోనూ లె గ్విన్ స్వయంగా పాలుపంచుకున్నారు. తన పుస్తకానికి ఏం జరుగుతున్నదో రచయితకే తెలియని సందర్భాలు కోకొల్లలుగా ఉన్న ఈ రంగంలో దానికి చాలా విలువ ఉంది. పెద్ద సంస్థ రచయితను డబ్బిచ్చి పంపించేస్తుంది, చిన్న సంస్థకు ఆ స్థోమత లేదు కాబట్టి రచయితను కూడా పనిలోకి దింపుతుంది అని ఒకరు ఎగతాళిగా అనవచ్చు. ఎగతాళైనా ఫలితం మంచిదే.

ఇక అట్టముక్కల సెట్టింగుల మాట. నవల జరిగేది ఆరిగన్ రాష్ట్రంలోని పోర్ట్‌లాండ్‌లో. చిత్రీకరణ జరిగింది టెక్సస్‌లోని డల్లాస్, ఫోర్ట్ వర్త్ నగరాల్లో. భవిష్యత్ నగరాన్ని కట్టే డబ్బు లేకపోవడంతో, అప్పటికే భవిష్యత్తులా కనిపించే నగరాన్ని వెతుక్కున్నారు. ఐ.ఎం. పే అనే వాస్తుశిల్పి రూపకల్పన చేసిన డల్లాస్ నగరపాలక భవనం 1978లోనే పూర్తయింది. కింద ఇరుకుగా, పైకి పోయేకొద్దీ ముందుకు వాలుతూ, కింద నిలబడ్డ మనిషిని నొక్కేస్తున్నట్టుండే కాంక్రీటు కట్టడం అది. చికిత్స గది నుంచి మొదలైన హేబర్ పలుకుబడి పెద్ద పరిశోధన సంస్థగా ఎదిగిందని చెప్పడానికి ఆ భవనాన్ని వాడుకున్నారు. ఇందులో అట్ట లేదు, పూర్తిగా కాంక్రీటే. పైగా అది నిజమైన ప్రభుత్వ భవనం కావడం వల్ల, జనహితం పేరుతో అధికారం పోగేసుకునే మనిషి కథకు ఏ కళా దర్శకుడూ కట్టి చూపలేని బరువు దానంతట అదే వచ్చి చేరింది.

ఇటువంటి ఉపాయం వీరొక్కరిదే కాదు. డేనియల్ గలూయ్ 1964లో రాసిన 'సిమ్యులాక్రాన్-3' అనే నవలను జర్మన్ దర్శకుడు ఫాస్‌బైండర్ 1973లో అక్కడి టెలివిజన్ కోసం రెండు భాగాలుగా తీశాడు. అందులో కూడా భవిష్యత్తు అంటే అప్పటికి కొత్తవైన పారిస్ కట్టడాలు, గది నిండా అద్దాలు, అంతే. మనుషులు అద్దాల్లో రెండుగా మూడుగా కనిపిస్తూ ఉంటే, ఏ లోకం అసలు, ఏది నకలు అన్న కథాంశం మాటల్లో చెప్పకుండానే అర్థమవుతుంది. ఆ చిత్రం గురించి మళ్లీ మాట్లాడవలసి వస్తుంది.

బలహీనతలు లేవని నేను అనడం లేదు. గ్రహాంతరవాసుల దాడి ఘట్టం తేలిపోయింది. తాబేళ్లలాంటి ఆ జీవులు తెర మీదికి వచ్చినప్పుడు లోపల మనిషి ఉన్న సంగతి పసివాడికి కూడా తెలుస్తుంది. చివర్లో హేబర్ కల వల్ల లోకం చీలికలు పేలికలయ్యే చోట ఆనాటి వీడియో కిటుకులన్నీ గుప్పించారు, అవి ఇప్పుడు కళ్లకు శ్రమే. అయితే బూడిద రంగు మనుషుల సంగతి వేరు. అది మేకప్ తప్ప మరేమీ కాదు, బహుశా మొత్తం చిత్రంలో అతి చవకైన కిటుకు అదే. అయినా వీధినిండా ఒకే రంగు ముఖాలు నడిచిపోతుంటే కలిగే దిగులు, కోట్లు పోసి కంప్యూటర్లతో గీయించిన విధ్వంసంలో నాకెప్పుడూ కలగలేదు. హెదర్ లెలాష్ అనే నల్లజాతి న్యాయవాది, ఆర్ ప్రేమించిన మనిషి, ఆ బూడిద లోకంలో లేకుండా పోతుంది. ఆమె రంగు ఆమె స్వభావంలో భాగం కాబట్టి రంగు పోతే ఆమే లేదు. ఆ పాత్రలో మార్గరెట్ ఏవరీ చూపిన చురుకుదనం ముందు ఉన్నందువల్లే ఆ తరవాతి ఖాళీ మనల్ని తాకుతుంది.

బ్రూస్ డేవిసన్ జార్జ్ ఆర్‌గా, కెవిన్ కాన్వే హేబర్‌గా నటించారు. చిత్రం నిలబడింది వీరి మీదే. నవలలో ఆర్ మీద అందరికీ ఉండే మొదటి అభిప్రాయం అతను మెతక మనిషని. అతను తన కేంద్రం నుంచి చలించని మనిషని మెల్లగా గాని తెలియదు. మెతకదనానికీ నిలకడకూ మధ్య ఉన్న ఈ సన్నని గీతను డేవిసన్ దాదాపు ఏమీ చేయకుండానే పట్టుకున్నాడు. కాన్వే హేబర్‌ను రాక్షసుణ్ణి చేయలేదు. ప్రతి సంకల్పం వికటించాక కూడా అతని ముఖంలో పశ్చాత్తాపం కాకుండా తరవాతి సంకల్పం మొదలవడం కనిపిస్తుంది. దర్శకుల దగ్గర కెమెరాను ఈ రెండు ముఖాల మీద నిలపడం కంటే ఎక్కువ ఖర్చయ్యే మార్గం లేదు. ఆ నిర్బంధం నవలకు మేలే చేసింది.

దీన్ని చవకబారు ప్రయత్నంగా నాటి పాఠకులు అనుకోలేదు. సైన్స్ ఫిక్షన్ అభిమానుల ప్రపంచ మహాసభ సభ్యులు ఓట్లేసి ఇచ్చే హ్యూగో పురస్కారాలకు 1981లో నాటకీయ ప్రదర్శన విభాగంలో తుది జాబితాకు చేరిన వాటిలో ఇది ఒకటి. గెలిచింది 'స్టార్ వార్స్' వరసలోని భారీ చిత్రం 'ది ఎంపైర్ స్ట్రైక్స్ బ్యాక్'. ఆ ఫలితం మీద నాకు ఫిర్యాదు లేదు. రెండు చిత్రాల ఖర్చుల మధ్య ఉన్న అగాధాన్ని తలచుకుంటే, ఒకే జాబితాలో రెండు పేర్లూ ఉండటమే చాలు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. 1980 జనవరి 9న ప్రసారమైన ఈ చిత్రాన్ని మళ్లీ ప్రసారం చేసే హక్కులు పబ్లిక్ టెలివిజన్ సంస్థ పి.బి.ఎస్.కు 1988 వరకే ఉన్నాయి. అవి ముగిశాక చిత్రం మాయమైపోయింది. ప్రేక్షకులు ఉత్తరాలు రాస్తూనే ఉన్నారు. ఆ సంస్థను జనం అత్యధికంగా అడిగిన కార్యక్రమంగా దీన్ని చెబుతారు. కావాలని తొక్కిపెట్టారని సంస్థను నిందించినవారూ ఉన్నారు. కారణం అంత నాటకీయమైనది కాదు. ఈ చిత్రంలో పనిచేసిన వారందరి దగ్గరా మళ్లీ అనుమతులు తీసుకుని, వారికి చెల్లింపులు చేయాలి. సంగీత దర్శకుడితో విడిగా ఒప్పందం కుదరాలి. వీటన్నిటినీ మించి, అందులో ఒక పాట ఉంది.

నవలలో ఒక గ్రహాంతరవాసి ఆర్‌కు ఒక పాత గ్రామఫోన్ రికార్డు ఇస్తుంది. అది బీటిల్స్ బృందం పాడిన 'విత్ ఎ లిటిల్ హెల్ప్ ఫ్రమ్ మై ఫ్రెండ్స్'. ఆ పాట వింటూ ఆర్ నిద్రపోతాడు. లేచేసరికి, లోకంలోనే లేకుండా పోయిన హెదర్ తిరిగి ఉంటుంది. ఒంటరిగా లోకాన్ని మోస్తున్న మనిషికి తోడు దొరికే చోటు అది. కాబట్టి ఆ పాటను నేపథ్యంలో అలంకారంగా వాడారని, తీసేస్తే పోయేదేమీ లేదని అనడానికి వీల్లేదు, కథ దాని మీదనే మలుపు తిరుగుతుంది. 1980 ప్రసారంలో బీటిల్స్ పాడిన అసలు రికార్డునే వినిపించారు. ఒకసారి ప్రసారానికి అనుమతి దొరకడం వేరు, ఇరవై ఏళ్ల తరవాత క్యాసెట్లుగా డిస్కులుగా అమ్మడానికి అనుమతి దొరకడం వేరు. చివరికి 2000లో చిత్రం మళ్లీ ప్రసారమై, ఇళ్లలో చూసుకునేందుకు విడుదలైనప్పుడు, ఆ విడుదలలో వేరెవరో పాడిన అదే పాటను పెట్టారు. అంటే ఈ రోజు మనం కొని చూస్తున్నది ఆనాడు జనం చూసినది కాదు. కథలో అతి ముఖ్యమైన నిమిషంలో గొంతు మారిపోయింది. లోకం మారినా పాతది ఒకరిద్దరికే గుర్తుండే కథకు ఇలా జరగడాన్ని లె గ్విన్ పాఠకులు నవ్వుతూనే తట్టుకున్నారు.

పాట సంగతి అలా ఉంచితే, బొమ్మ సంగతి ఇంకా విచారకరం. హక్కుల చిక్కు ఎన్నటికీ విడదని భావించి, సంస్థ తన భాండాగారంలో ఈ చిత్రం మూల ప్రతిని భద్రపరచలేదు. మళ్లీ విడుదల చేయాలనుకున్నప్పుడు నాటి ప్రసారపు వీడియో టేపు నుంచి తయారుచేసుకోవలసి వచ్చింది. ఇప్పటి ప్రతిలో కనిపించే మసక, రంగులు అలుక్కుపోవడం, నీడల్లో వివరాలు లేకపోవడం, వీటిలో చాలావాటికి ఆ టేపు కారణం. మీ వ్యాసకర్త వీటినే చూసి సెట్టింగులు నాసిరకమని అనుకున్నారేమోనని నా అనుమానం. అదే నిజమైతే, 1979లో పనిచేసిన కళాకారుల మీద, ఆ తరవాత టేపులు చూసుకోవలసినవారి లోపాన్ని మోపినట్టయింది.

ఫాస్‌బైండర్ చిత్రం ఇక్కడ గుర్తుకు రావాలి. అది కూడా టెలివిజన్ చిత్రమే, అదీ దశాబ్దాలపాటు కొద్దిమందికి మాత్రమే తెలిసినదే. అయితే దాన్ని 16 మి.మీ. ఫిల్మ్ మీద తీశారు. 2010లో ఆనాటి ఛాయాగ్రాహకుడు మైకేల్ బాల్‌హౌస్ పర్యవేక్షణలో దాన్ని పునరుద్ధరించి బెర్లిన్ చిత్రోత్సవంలో ప్రదర్శించారు. ఇప్పుడు దాన్ని చూసినవారెవరూ చవకబారు అనరు, అద్భుతమైన దృశ్యశైలి అంటారు. రెండు చిత్రాల ప్రతిభలో ఎంత తేడా ఉందో వాదించుకోవచ్చు. ప్రతిష్ఠలో ఉన్న తేడాకు మాత్రం ఒకదానికి నెగటివ్ మిగలడం, ఇంకోదానికి మిగలకపోవడం ఒక ప్రధాన కారణమని నా నమ్మకం.

బ్రిటన్‌లో ఇంతకంటే ఘోరాలు జరిగాయి. నైజెల్ నీల్ చిత్రానువాదంతో, రుడాల్ఫ్ కార్టియర్ దర్శకత్వంలో ఆర్వెల్ '1984' నవలను బి.బి.సి. 1954 డిసెంబర్ 12న స్టూడియో నుంచి ప్రత్యక్షంగా ప్రదర్శించింది. నాటక కంపెనీలాగా నటులు అక్కడికక్కడే నటించారు. పార్లమెంటు దాకా గొడవ వెళ్లింది. డిసెంబర్ 16న మళ్లీ అందరూ వచ్చి మొత్తం నటించారు. ఆ రెండో ప్రదర్శనను టెలివిజన్ తెరకెదురుగా ఫిల్మ్ కెమెరా పెట్టి తీసి ఉంచారు కాబట్టి మనకు దక్కింది. అందులో నాయకుడు పీటర్ కుషింగ్. పదేళ్ల తరవాత, 1964లో, అదే కుషింగ్ అసిమోవ్ 'ది కేవ్స్ ఆఫ్ స్టీల్' నవలకు బి.బి.సి. చేసిన టెలివిజన్ రూపంలో డిటెక్టివ్ ఎలైజా బేలీగా నటించాడు. అది ఇప్పుడు లేదు, కొన్ని చిన్న తునకలు మాత్రం మిగిలాయి. సాంకేతికంగా వెనకబడిన 1954 నాటి నాటకం నిలిచి, ముందుకెళ్లిన కాలపు నాటకం చెరిగిపోయింది. ఆ రోజుల్లో వీడియో టేపు ఖరీదైనది, చెరిపి మళ్లీ వాడుకోగలిగినది. నటుల సంఘాలతో ఒప్పందాలు ఎక్కువసార్లు పునఃప్రసారం చేయనిచ్చేవి కావు. రంగుల టెలివిజన్ వచ్చాక నలుపు తెలుపు కార్యక్రమాలను మళ్లీ ఎవరు చూస్తారన్న నిర్లక్ష్యం తోడైంది. అన్నీ పద్దు పుస్తకంలో సమంజసంగా కనిపించే కారణాలే.

నీల్ చిత్రానువాదాన్నే 1965లో బి.బి.సి. మళ్లీ తీసింది. అదీ పోయిందనే అనుకున్నారు. 2010లో అమెరికాలోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో, కొంత భాగం మినహా, దొరికింది. అమెరికాలో ప్రసారం కోసం న్యూయార్క్‌లోని విద్యా టెలివిజన్‌కు అప్పట్లో పంపిన బ్రిటిష్ నాటకాల టేపుల్లో అది ఉండిపోయింది. ఆ విద్యా టెలివిజన్ తరవాతి రూపమే డబ్ల్యూ.ఎన్.ఇ.టి. పరాయివాళ్ల నాటకాన్ని కాపాడిన ఇంటికే తన సొంత చిత్రం మూల ప్రతి మిగలలేదు.

2002లో ఒక అమెరికన్ కేబుల్ చానల్ లె గ్విన్ నవలను ఇంకోసారి తీసింది. పేరున్న నటులు ఉన్నారు, తెర మీద నునుపుదనం ఉంది, రచయిత్రి ప్రమేయం మాత్రం లేదు. నవలలో చాలా భాగం వదిలేశారు. దాని గురించి ఇంతకంటే చెప్పడానికి నాకేమీ తోచడం లేదు.

అందుచేత మీకు రెండు మనవులు. మొదటిది, డల్లాస్, ఫోర్ట్ వర్త్ నగరాల్లోని నిజమైన కట్టడాల్లో తీసిన చిత్రాన్ని అట్టముక్కల సెట్టింగులనడం సరికాదని ఒక సవరణ ప్రచురించండి. రెండోది, పాత టెలివిజన్ చిత్రాల మీద సమీక్ష వేసేటప్పుడు చూసిన ప్రతి ఏదో, ఫిల్మ్ నెగటివ్ నుంచి తయారైనదో ప్రసారపు టేపు నుంచి తయారైనదో, సంగీతం అసలుదో మార్చినదో ఒక్క వాక్యంలో తెలపమని మీ సమీక్షకులకు చెప్పండి. పాత పుస్తకం మీద రాసేవారు అది ఏ ముద్రణో చెబుతారు. తెర మీది రచనకూ ఆ మర్యాద దక్కాలి. 2000లో చిత్రాన్ని మళ్లీ ప్రసారం చేసినప్పుడు పాత్రికేయుడు బిల్ మోయర్స్ లె గ్విన్‌తో జరిపిన సంభాషణ కూడా చేర్చారు. మీ వ్యాసకర్త ఈ విషయం మీద మరోసారి రాయదలిస్తే ముందుగా దాన్ని చూడమని కోరుతున్నాను.

భవదీయుడు,
ఒక పాఠకుడు